నోరాడ్ సిరంజి మార్చినప్పుడల్లా బీపీ పడిపోతోంది, మీ యూనిట్లలో ఎలా మారుస్తారు?

కొత్త_ఐసీయూ_నర్స్

అందరికీ నమస్తే. వార్డు నుంచి ఐసీయూకి ఈమధ్యే మారాను. ఇక్కడ సెప్టిక్ షాక్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి బీపీ పడిపోయిన) పేషెంట్లు ఎక్కువ, దాదాపు అందరికీ బీపీ నిలబెట్టే నోరాడ్రినలిన్ (నోరాడ్) నడుస్తూనే ఉంటుంది. డోస్ తక్కువ ఉన్నవాళ్ళకి సిరంజి ఎలా మార్చినా పెద్దగా తేడా రావట్లేదు కానీ డోస్ ఎక్కువ ఉన్నవాళ్ళకి పాత సిరంజి తీసి కొత్తది పెట్టేలోపే మ్యాప్ (సగటు బీపీ) 70 నుంచి 50కి దిగిపోతోంది, అప్పుడు ఎవరో ఒకరు వచ్చి రేట్ పెంచుతారు, కాసేపటికి సిస్టాలిక్ (పై బీపీ) 190 దాటుతుంది, మళ్ళీ తగ్గించడం, ఇలా ఒక్క సిరంజికి పావుగంట గొడవ. సీనియర్లని అడిగితే ఒకరు రెండు పంపులు పెట్టి మెల్లగా మార్చమంటారు, ఇంకొకరు అదే డేంజర్, గబగబా మార్చేసెయ్ అంటారు. ఇద్దరూ బాగా అనుభవం ఉన్నవాళ్ళే కాబట్టి ఎవరి మాట వినాలో అర్థం కావట్లేదు.

మేం 50 ఎంఎల్ సిరంజిలో 4 మిల్లీగ్రాములు కలుపుతాం. గుండె దగ్గరి పెద్ద సిరలో పెట్టే సెంట్రల్ లైన్‌లోనే ఇస్తాం.

ఇంకో డౌట్ కూడా, ధమనిలో పెట్టిన ఆర్టీరియల్ లైన్‌లో ఒక బీపీ, చేతికి కట్టిన కఫ్‌లో ఇంకో బీపీ వస్తోంది, తేడా ఒక్కోసారి 20 దాకా ఉంటోంది. మందు పెంచాలా తగ్గించాలా అనేది ఏది చూసి తేల్చుకోవాలి?

రాత్రిడ్యూటీ_అక్క

చెల్లీ, ముందు ఎందుకు పడిపోతోందో తెలిస్తే ఎలా మార్చాలో సగం నీకే తెలిసిపోతుంది. నోరాడ్ హాఫ్ లైఫ్, అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే టైమ్, రెండు నిమిషాలు, అటూ ఇటూ. అంటే మందు ఆగిన నిమిషం నుంచే ఒంట్లో తగ్గిపోవడం మొదలవుతుంది. సిరంజి మార్చడానికి నీకు ముప్ఫై సెకన్లే పట్టిందనుకో, పేషెంట్‌కి మందు ఆగింది మాత్రం ముప్ఫై సెకన్లు కాదు, ఎందుకంటే కొత్త సిరంజి పెట్టి స్టార్ట్ నొక్కగానే మందు కదలదు. పంపు తోసే భాగానికీ ప్లంజర్‌కీ మధ్య కొంచెం సందు ఉంటుంది, ప్లంజర్ రబ్బరు కూడా కాస్త నొక్కుకుంటుంది, ఆ సందు పూడి రబ్బరు బిగిసేదాకా స్క్రీన్ మీద గంటకి 5 ఎంఎల్ అని కనిపిస్తుంది కానీ లైన్‌లో ఏమీ పోదు. రేట్ ఎంత తక్కువైతే ఈ ఆలస్యం అంత ఎక్కువ. సిరంజి ఎంత పెద్దదైతే అంత ఎక్కువ.

దీనికి పరిష్కారం ఒకటే, కొత్త సిరంజిని లైన్‌తో సహా పంపులో పెట్టి, పేషెంట్‌కి కలపకముందే పంపు పర్జ్ బటన్‌తో చివరి నుంచి చుక్క వచ్చేదాకా తోయించాలి. చేత్తో తోసి గాలి తీసేసి తర్వాత పంపులో పెడితే ఆ సందు అలాగే ఉండిపోతుంది. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

ఇక లైన్ సంగతి. ఎక్స్‌టెన్షన్ లైన్‌లో 1.5 ఎంఎల్ పడుతుందనుకో, నీ రేట్ గంటకి 3 ఎంఎల్. ఆ లైన్‌లో సెలైన్ నింపి కలిపావంటే నోరాడ్ మొదటి చుక్క పేషెంట్‌ని చేరడానికి అరగంట. ఆ అరగంట నువ్వు రేట్ పెంచుకుంటూ పోతావు, ఆ తర్వాత మందు అంతా ఒకేసారి వచ్చి పడుతుంది. నువ్వు చెప్పిన 190 కథ అక్కడ్నుంచే వస్తుంది. కాబట్టి లైన్ చివరిదాకా మందే ఉండాలి.

నేను అయితే డోస్ ఎక్కువున్న పేషెంట్‌కి రెండు పంపుల పద్ధతే వాడతా. పాతది ఇంకా అరగంట వస్తుందనగానే కొత్త సిరంజి కలిపి, ఇంకొకరితో చెక్ చేయించి, లేబుల్ అంటించి, రెండో పంపులో పర్జ్ చేసి రెడీగా పెట్టుకుంటా. లైన్ మీద మూడు దారుల స్టాప్‌కాక్ ఉంటుంది కదా, దాని ఖాళీ దారికి కలిపి కొత్త పంపుని అదే రేట్‌కి స్టార్ట్ చేస్తా, పాతది అలాగే నడుస్తుంటుంది. కళ్ళు ఆర్టీరియల్ వేవ్ మీదే. మ్యాప్ ఓ ఐదు పాయింట్లు పెరగడం మొదలవగానే పాతదాన్ని రెండు మూడు మెట్లలో తగ్గించి ఆపేస్తా. ఆపాక పాత దారి మూసెయ్యడం మర్చిపోకూడదు. ఈ మొత్తం పని అయ్యేదాకా బెడ్ దగ్గర్నుంచి కదలను, ఫోన్ మోగినా, పక్క బెడ్ అలారం మోగినా ఇంకొకరు చూసుకుంటారు.

బెడ్‌సైడ్_బ్రదర్

అక్క చెప్పిన పర్జ్, లైన్ మాటలకి నేను పూర్తిగా ఒప్పుకుంటా. రెండు పంపుల దగ్గరే తేడా.

ఆ పద్ధతిలో కొన్ని నిమిషాలు పేషెంట్‌కి రెండు వైపుల నుంచీ మందు పోతుంది. నర్స్ పక్కనే ఉంటే సరే. ఒక నర్స్‌కి ఇద్దరు ముగ్గురు పేషెంట్లు ఉన్నచోట అది ప్రతిసారీ జరుగుతుందా? బీపీ పెరగడం మొదలైన ఆ నిమిషంలోనే పక్క బెడ్ పేషెంట్ ట్యూబ్ లాక్కుంటాడు. అప్పుడే ఆపరేషన్ అయి కుట్లు తాజాగా ఉన్న పేషెంట్, మెదడులో రక్తం వచ్చిన పేషెంట్, వీళ్ళకి 200 సిస్టాలిక్ అంటే మాటలు కాదు.

నేను చేసేది ఇది. రెండో పంపు ఉండాల్సిందే, కానీ దాన్ని పేషెంట్‌కి కలపకుండానే అదే రేట్‌కి కొన్ని నిమిషాలు నడవనిస్తా, లైన్ చివర స్టెరైల్ గాజ్ గుడ్డ మీద చుక్కలు పడుతూ ఉంటాయి, అంటే పంపు నిజంగా తోస్తోందని నాకు కంటితో కనిపిస్తోంది. అప్పుడు స్టాప్‌కాక్ దగ్గర పాతది మూసి కొత్తది తెరవడం, అంతే, కొన్ని సెకన్ల పని. మ్యాప్ కాస్త కదిలినా వెంటనే సర్దుకుంటుంది. పెరగడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

మీ సీనియర్ గబగబా మార్చెయ్ అన్నది ఇదే పద్ధతి గురించి అయితే ఆయన కరెక్టే. ఉన్న ఒక్క పంపులోనే పాత సిరంజి పీకి కొత్తది పెట్టమంటే మాత్రం అది డోస్ ఎక్కువున్న పేషెంట్‌కి పనికిరాదు.

ఇంకోటి, బీపీ పడగానే సిరంజినే అనుమానించడం కూడా అలవాటైపోతుంది, అది మంచిది కాదు. సిరంజి మార్చిన సమయానికే ఎవరో సెడేషన్ బోలస్ (మత్తుమందు ఒకేసారి) ఇచ్చి ఉండొచ్చు, వెంటిలేటర్‌లో పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో ఉంచే ప్రెషర్) పెంచి ఉండొచ్చు, పేషెంట్‌ని పక్కకి తిప్పి ఉండొచ్చు, డ్రెయిన్‌లో రక్తం వస్తూ ఉండొచ్చు. అవి కూడా ఓసారి చూడాలి.

కొత్త_ఐసీయూ_నర్స్

ఇద్దరికీ థాంక్స్. మా దగ్గర ఒక్క పంపులోనే మారుస్తున్నారు, అదీ పాతది పూర్తిగా అయిపోయి అలారం మోగాక. ఇప్పుడు అర్థమవుతోంది. కానీ అక్కా, ఒక పేషెంట్‌కి గంటకి 20 ఎంఎల్ నడుస్తోంది, రెండున్నర గంటలకి ఒక సిరంజి ఖాళీ. షిఫ్ట్ అంతా మార్చడమే సరిపోతోంది. దీనికేం చేయాలి? ఇంకా, మారుస్తున్నప్పుడు బీపీ పడితే పర్జ్ బటన్‌తో కొంచెం తోస్తే త్వరగా సర్దుకోదా?

రాత్రిడ్యూటీ_అక్క

రెండో ప్రశ్న ముందు. వద్దు. పేషెంట్‌కి కలిపి ఉన్న లైన్‌లో పర్జ్ గానీ బోలస్ గానీ ఎప్పుడూ నొక్కొద్దు. లెక్క చూడు, 50లో 4 మిల్లీగ్రాములు అంటే ఒక ఎంఎల్‌లో 80 మైక్రోగ్రాములు. గంటకి 5 ఎంఎల్ నడుస్తోందంటే నిమిషానికి 6.7 మైక్రోగ్రాములు, 60 కేజీల మనిషికి కేజీకి నిమిషానికి సుమారు 0.11. నువ్వు బటన్ నొక్కి ఒక్క ఎంఎల్ తోశావంటే 80 మైక్రోగ్రాములు, అంటే పన్నెండు నిమిషాల్లో పోవాల్సింది ఒక్క క్షణంలో లోపలికి పోయింది.

ఇదే లెక్క వేరే రూపంలో కూడా వస్తుంది, ఇది ఇంకా కనిపించని ప్రమాదం. సెంట్రల్ లైన్‌లో నోరాడ్ పోయే ల్యూమెన్‌లో (లోపలి దారిలో) ఎవరైనా యాంటీబయోటిక్ ఇచ్చారనుకో, సెలైన్‌తో ఫ్లష్ చేశారనుకో, ఆ ల్యూమెన్‌లో నిలిచి ఉన్న నోరాడ్ అంతా ముందుకి తోసుకుపోతుంది, బీపీ ఎగురుతుంది, ఆ వెనక లైన్‌లో మందు లేని సెలైన్ ఉంటుంది కాబట్టి కాసేపటికి పడిపోతుంది. అందుకే నోరాడ్‌కి ఒక ల్యూమెన్ వదిలెయ్యాలి, దాని మీద పెద్దగా లేబుల్ అంటించాలి. బోలస్‌లు, బ్లడ్ శాంపుల్, సీవీపీ (పెద్ద సిరలో ప్రెషర్) చూడటం, ఏదీ అందులో వద్దు.

ఆక్లూజన్ అలారం (లైన్ మూసుకుపోయిందనే అలారం) వచ్చినప్పుడు కూడా అంతే. ఎక్కడో స్టాప్‌కాక్ మూసి ఉంటుంది, పంపు మాత్రం తోస్తూనే ఉంటుంది, లైన్‌లో ప్రెషర్ నిండిపోయి ఉంటుంది. చూడగానే తెరిచేస్తే ఆ నిండిందంతా ఒకేసారి పోతుంది. ముందు పేషెంట్ వైపు మూసే ఉంచి, లైన్ విప్పి ఆ ప్రెషర్ బయటికి వదిలి, అప్పుడు కలపాలి. కొన్ని పంపులు వాటంతట అవే వెనక్కి తీసుకుంటాయి కానీ దాన్ని నమ్ముకోవద్దు.

ఇక గంటకి 20 ఎంఎల్ సంగతి. డాక్టర్‌తో మాట్లాడి కాన్సంట్రేషన్ పెంచే ఆర్డర్ రాయించుకో. 50లో 16 మిల్లీగ్రాములు కలిపితే ఒక ఎంఎల్‌లో 320 మైక్రోగ్రాములు, అదే డోస్‌కి గంటకి 5 ఎంఎల్ చాలు, సిరంజి పది గంటలు వస్తుంది. కానీ రేట్ మార్చకుండా సిరంజి ఒక్కటే మార్చితే నాలుగు రెట్ల డోస్ పోతుంది, అది జరిగిన యూనిట్లు ఉన్నాయి. అందుకే కాన్సంట్రేషన్ మారే సిరంజికి ఇద్దరు విడివిడిగా లెక్క వేసి రెండు లెక్కలు కలిశాకే పెట్టాలి, పంపు మీద పాత లేబుల్ చింపెయ్యాలి, హ్యాండోవర్‌లో నోటితో చెప్పాలి. ఛార్ట్‌లో కూడా ఎంఎల్ రాసి ఊరుకోకుండా కేజీకి నిమిషానికి ఎన్ని మైక్రోగ్రాములో రాయి. గంటకి 5 ఎంఎల్ అని రాస్తే తర్వాత షిఫ్ట్ వాళ్ళకి ఏం తెలుస్తుంది?

ఇంత డోస్ నడుస్తోందంటే నోరాడ్ ఒక్కటే పెంచుకుంటూ పోవడం కూడా కాదు, కేజీకి నిమిషానికి 0.25 నుంచి 0.5 మైక్రోగ్రాముల మధ్యకి వచ్చేసరికి వాసోప్రెసిన్ అనే ఇంకో బీపీ మందు తోడుగా ఇవ్వడం మామూలు. నీ పేషెంట్ బరువు వేసి చూసుకో, ఆ గీత దగ్గరికి వస్తుంటే డాక్టర్‌కి ముందే గుర్తు చెయ్.

బ్రదర్, నర్స్‌కి ముగ్గురు పేషెంట్లు ఉంటే మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటా. నేను మాత్రం నాది మార్చుకోను, బాగా అలవాటు.

వేవ్‌ఫామ్_టీచర్

ఆర్టీరియల్ లైన్ ప్రశ్నని అందరూ వదిలేశారు, అది సిరంజి కన్నా ముఖ్యం అంటాను, ఎందుకంటే రీడింగ్ తప్పైతే మీరు మార్చే డోస్ ప్రతిదీ తప్పే.

మొదట ట్రాన్స్‌డ్యూసర్ (ఆర్టీరియల్ లైన్ ప్రెషర్‌ని కొలిచే భాగం) ఎక్కడుందో చూడండి. నాలుగో ఇంటర్‌కాస్టల్ స్పేస్ (పక్కటెముకల మధ్య సందు), ఛాతీ ముందుకీ వెనక్కీ సగం మధ్యలో, అంటే మిడ్ యాగ్జిలరీ లైన్ దగ్గర ఉండాలి, గుండె అక్కడుంటుందని లెక్క. మేస్త్రీలు నీళ్ళ పైపుతో లెవెల్ చూస్తారు కదా, ఇక్కడ జరిగేదీ అదే, లైన్‌లో నీళ్ళ బరువు లెక్కలోకి వస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ 10 సెంటీమీటర్లు కిందకి ఉంటే బీపీ దాదాపు 7.5 ఎంఎంహెచ్‌జీ ఎక్కువ చూపిస్తుంది, పైకి ఉంటే అంతే తక్కువ. అసలు మ్యాప్ 58 ఉన్న మనిషికి మానిటర్ మీద 65 కనిపిస్తుంది, అందరూ టార్గెట్ వచ్చేసిందని ఊరుకుంటారు. బెడ్ తల భాగం పైకి లేపినా, బెడ్ ఎత్తు మార్చినా, పేషెంట్‌ని తిప్పినా మళ్ళీ లెవెల్ చేయాలి. ట్రాన్స్‌డ్యూసర్ స్టాండ్‌కి కట్టి ఉండి బెడ్ ఒక్కటే లేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

తర్వాత వేవ్ షేప్. ఫాస్ట్ ఫ్లష్ (ప్రెషర్ బ్యాగ్ సెలైన్‌ని లైన్‌లోకి ఒక్కసారి జోరుగా పంపడం) చేసి వదలండి, చతురస్రంలా లేచి కిందకి దిగాక ఒకటి రెండు సార్లు ఊగి మళ్ళీ మామూలు వేవ్ రావాలి. ఊగడమే లేకుండా నీరసంగా దిగితే ఓవర్‌డ్యాంప్డ్, అంటే లైన్‌లో గాలి బుడగ, క్లాట్, మడత, లేదా ప్రెషర్ బ్యాగ్ 300 కన్నా తగ్గిపోయింది, సిస్టాలిక్ తక్కువ చూపిస్తుంది. రెండు మూడుకి మించి ఊగుతూనే ఉంటే అండర్‌డ్యాంప్డ్, సిస్టాలిక్ లేనిపోని ఎత్తు చూపిస్తుంది. కొత్త_ఐసీయూ_నర్స్ గారూ, మీరు చూసిన ఆ 190లో కొంత ఇది కూడా అయి ఉండొచ్చు. ఈ రెండు సందర్భాల్లోనూ మ్యాప్ పెద్దగా మారదు, అందుకే నోరాడ్ మార్చేది మ్యాప్ చూసి, సిస్టాలిక్ చూసి కాదు. సెప్టిక్ షాక్‌లో మొదటి టార్గెట్ మ్యాప్ 65, 2021 సర్వైవింగ్ సెప్సిస్ గైడ్‌లైన్‌లో కూడా అదే. డాక్టర్ ఆ పేషెంట్‌కి వేరే నంబర్ రాస్తే అది పాటించాలి.

లెవెల్, జీరో (గాలి ప్రెషర్‌ని సున్నాగా పెట్టడం), వేవ్ అన్నీ సరిగా ఉంటే ఆర్టీరియల్ లైన్‌నే నమ్మండి. షాక్‌లో చేతులు చల్లబడి రక్తనాళాలు ముడుచుకుపోయి ఉన్నప్పుడు కఫ్ తప్పే అవకాశం ఎక్కువ, సైజు సరిపోని కఫ్ అయితే ఇంకా. ఒక్క మినహాయింపు, నోరాడ్ డోస్ బాగా పెరిగిన పేషెంట్లలో మణికట్టు దగ్గరి రేడియల్ రీడింగ్ అసలు కన్నా తక్కువ చూపించడం ఉంటుంది, ఫెమొరల్‌లో చూస్తే బాగానే ఉంటుంది. రేడియల్‌లో 55 చూపిస్తోంది, కానీ కాళ్ళు వెచ్చగా ఉన్నాయి, కేపిలరీ రీఫిల్ (గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడం) 3 సెకన్ల లోపే ఉంది, యూరిన్ కేజీకి గంటకి 0.5 ఎంఎల్ పైనే వస్తోంది, రక్తంలో లాక్టేట్ (కణాలకి ఆక్సిజన్ చాలకపోతే పెరిగేది) తగ్గుతోంది అనుకోండి, అప్పుడు డోస్ పెంచే ముందు డాక్టర్‌కి ఈ తేడా చెప్పండి.

ఫార్మసీ_కిటికీ

నర్సింగ్ థ్రెడ్‌లోకి దూరినందుకు ఏమీ అనుకోవద్దు, రెండు విషయాలు.

ఆంప్యూల్ మీద రాసిన బలం బేస్‌దా (అసలు మందు), టార్ట్రేట్‌దా (దాని లవణ రూపం) చూసుకోండి. 2 మిల్లీగ్రాముల టార్ట్రేట్‌లో నోరాడ్రినలిన్ బేస్ 1 మిల్లీగ్రామే ఉంటుంది. అంటే ఒక చోట 4 మిల్లీగ్రాములు అన్నది ఇంకో చోట 8. వేరే హాస్పిటల్ నుంచి సిరంజి పంపుతో సహా పేషెంట్ వచ్చినప్పుడు, కంపెనీ మారిన స్టాక్ వచ్చినప్పుడు ఇది అడగాల్సిందే, లేకపోతే డోస్ సగమో రెట్టింపో అయిపోతుంది, అందరూ పేషెంట్ ఎందుకిలా మారాడా అని తలలు పట్టుకుంటారు.

రెండోది, సోడియం బైకార్బొనేట్ పోయే లైన్‌లో నోరాడ్ కలపకండి, ఆల్కలైన్‌లో అది పాడవుతుంది. రంగు మారి గులాబీగానో గోధుమగానో ఉంటే ఆ సిరంజి పారేయండి.

కొత్త_ఐసీయూ_నర్స్

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ డ్యూటీకి వెళ్ళగానే ట్రాన్స్‌డ్యూసర్ చూశా, బెడ్ తల లేపి ఉంది, ట్రాన్స్‌డ్యూసర్ మాత్రం కిందే ఉంది. లెవెల్ చేస్తే కఫ్‌తో తేడా 20 నుంచి 8కి వచ్చింది. రెండో పంపు గురించి ఇన్‌ఛార్జ్ సిస్టర్‌తో మాట్లాడా, ప్రొటోకాల్‌లో ఏముందో చూసి చెప్తానన్నారు, నోరాడ్ పేషెంట్ ఉన్న బెడ్‌కి ఒక పంపు ఎక్స్‌ట్రా ఇవ్వడానికి అయితే ఒప్పుకున్నారు.

చివరిగా ఒకటి, సీటీకి తీసుకెళ్ళేటప్పుడు పంపుని బెడ్ మీద పెట్టాలా స్టాండ్‌కే ఉంచాలా? ఇంకా, సెంట్రల్ లైన్ వేసేదాకా చేతి వీన్‌లో నోరాడ్ మొదలుపెట్టమంటున్నారు ఒక్కోసారి, అప్పుడు చూసుకోవాల్సింది ఏంటి?

బెడ్‌సైడ్_బ్రదర్

పంపు పేషెంట్ గుండె ఎత్తులోనే ఉండాలి, కదిలించేటప్పుడు కూడా. నడుస్తున్న పంపుని ఒక్కసారిగా పైకి లేపితే కొంచెం మందు ఎక్కువ పోతుంది, కిందకి దించితే కాసేపు ఆగిపోతుంది, రేట్ తక్కువగా ఉంటే ఇది బాగా కనిపిస్తుంది. బెడ్ పక్కన క్లాంప్‌కి బిగించెయ్, కాళ్ళ మధ్య పడెయ్యకు. బయల్దేరే ముందు సిరంజిలో ఎంత ఉంది, బ్యాటరీ ఎంత ఉంది చూసుకో, సగం కన్నా తక్కువుంటే ఇక్కడే మార్చి వెళ్ళు. రెడీ చేసిన ఇంకో సిరంజి లేబుల్‌తో సహా వెంట ఉండాలి.

చేతి వీన్‌లో ఇవ్వడం తప్పేం కాదు, సెంట్రల్ లైన్ కోసం ఆగి బీపీ పోగొట్టడం కన్నా మేలు, కానీ కొద్ది సమయానికే. మోచేతి మడత దగ్గరో ఆ పైనో మంచి వీన్ ఉండాలి, చేతి వెనక వీన్, మణికట్టు వీన్ వద్దు. కఫ్ ఆ చేతికి కట్టొద్దు. సైట్ కనిపించేలా ఉంచు, దుప్పటి కప్పెయ్యొద్దు, ఊరికే వచ్చిపోతూ చూడటం కాదు, గంట గంటకీ చూసి రాయి, మొదట్లో ఇంకా తరచుగా చూడు. సెడేషన్‌లో ఉన్న పేషెంట్ నొప్పి అని చెప్పలేడు కాబట్టి నీ కంటి చూపే ఆధారం.

రాత్రిడ్యూటీ_అక్క

సైట్ చుట్టూ తెల్లగా పాలిపోయినా, చల్లగా గట్టిగా తగిలినా, వీన్ వెంట తెల్ల గీత కనిపించినా బయటికి లీక్ అవుతోందని అనుకో. ఆ వీన్‌లో వెంటనే ఆపెయ్, కానీ పేషెంట్‌కి మందు ఆగకూడదు, కాబట్టి ఇంకో చేతికి ముందే రెండో కాన్యులా వేసి ఉంచుకోవాలి, అక్కడ మొదలుపెట్టు. లీక్ అయిన కాన్యులా పీకెయ్యకు, ఫ్లష్ అసలు చెయ్యకు, సిరంజితో లోపల ఉన్నదాన్ని వెనక్కి లాగు, చెయ్యి ఎత్తి పెట్టు, డాక్టర్‌ని పిలువు. నోరాడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే ఫెంటోలమిన్ 5 నుంచి 10 మిల్లీగ్రాములు 10 ఎంఎల్ సెలైన్‌లో కలిపి ఆ చోటంతా సన్నని సూదితో ఇస్తారు, ఎంత త్వరగా ఇస్తే అంత మంచిది, 12 గంటల లోపల ఇవ్వాలి. మీ స్టాక్‌లో అది ఉందో లేదో రేపే ఫార్మసీలో కనుక్కో, లేకపోతే దాని బదులు ఏం వాడతారో డాక్టర్లని అడిగి పెట్టుకో.